200 గంటల లెక్క: చదరంగం బల్ల దగ్గరికి మళ్లీ వచ్చినవాళ్ల కోసం

ఇవాళ్టి ఎపిసోడ్‌ని నా ఓటమితో మొదలుపెడతాను. అది జరక్కపోయి ఉంటే ఇప్పుడు చెప్పబోయే హిస్టరీ ఏదీ నేను చదివేవాడినే కాదు.

పోయిన ఏడాది ఒక ఆదివారం హైదరాబాద్‌లో చిన్న ర్యాపిడ్ టోర్నమెంట్‌కి వెళ్లాను. వయసుతో సంబంధం లేదు, ఎవరైనా ఆడొచ్చు. మూడో రౌండ్‌లో నా ఎదురుగా కూర్చున్న బాబుకి తొమ్మిదేళ్లు ఉంటాయేమో, కుర్చీలో కూర్చుంటే కాళ్లు నేలకి ఆనట్లేదు. నేను పదో ఎత్తుకే వాడి రాజు మీద దాడికి దిగాను. ఇరవయ్యో ఎత్తుకి నా మంత్రి పోయింది. ఇంకాసేపట్లో ఆటకట్టు. వాడు బుద్ధిగా షేక్‌హ్యాండ్ ఇచ్చి, "అంకుల్, మీ పావులు ఇంకా ఇంట్లోనే ఉన్నాయి కదా, అప్పుడే ఎందుకొచ్చారు?" అన్నాడు.

ఓడిపోయినందుకు పెద్దగా బాధ లేదు. అంకుల్ అన్నందుకు కొంచెం ఉంది. కానీ అసలు గుచ్చుకుంది ఆ ప్రశ్న. నిజంగానే ఎందుకొచ్చాను? నా దగ్గర సమాధానం లేదు.

నా సంగతి కొంచెం చెప్పాలి. మాది తెనాలి. నాకు ఆట నేర్పింది మా నాన్న. పోస్టాఫీసులో పని చేసేవారు. సాయంత్రం ఇంటికొచ్చి కాఫీ తాగాక ఒక ఆట మా ఇద్దరికీ రూలు లాంటిది. స్కూల్ టోర్నమెంట్లలో నేను రెండు మూడు కప్పులు కూడా తెచ్చాను. పదో తరగతి అయ్యాక రెసిడెన్షియల్ కాలేజీలో వేశారు. ఆ తర్వాత బీటెక్, ఉద్యోగం, ఇప్పుడు ఈ వీడియోలు. చెస్ బోర్డు అటక ఎక్కేసింది. మీలో చాలామందిది ఇదే కథ కదా! చెస్ కాకపోతే వీణ, బొమ్మలు, షటిల్... ఏదో ఒకటి పదో తరగతి దగ్గరే ఆగిపోయి ఉంటుంది.

28 ఏళ్లకి ఫోన్‌లో మళ్లీ మొదలుపెట్టాను. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు ఉండే బ్లిట్జ్ ఆటలు. టోర్నమెంట్‌లో ఓడిన రోజు రాత్రి యాప్‌లో లెక్క చూసుకుంటే, ఆరు నెలల్లో 1,400 ఆటలు. ఆటకి ఐదు నిమిషాలు వేసుకున్నా 115 గంటల పైనే. నా రేటింగ్ మాత్రం మొదటి నెలలో ఎక్కడుందో అక్కడే ఉంది.

తర్వాతి ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే 'లాస్కర్స్ మాన్యువల్ ఆఫ్ చెస్' దొరికింది. బేరమాడితే 120 రూపాయలకి ఇచ్చాడు. ఇంటికొచ్చి తెరిస్తే ఒక్క ముక్క అర్థం కాలేదు. మనం ఈ4 అని రాసే ఎత్తుని అందులో పి-కె4 అని రాశారు. పాన్ టు కింగ్ ఫోర్, అంటే రాజు ఉన్న వరసలో బంటు నాలుగో గడికి అని. తమాషా ఏంటంటే, ఈ పద్ధతిలో ఎవరి వైపు నుంచి వాళ్లే లెక్కపెట్టుకుంటారు. తెల్లవాళ్లకి కె4 అయిన గడే నల్లవాళ్లకి కె5. ఒకే గడికి రెండు పేర్లు! కామెంట్లు లేని పాత కోడ్ చేతికిచ్చి బగ్ ఫిక్స్ చెయ్యమన్నట్టు అనిపించింది నాకు. ఇంగ్లిష్ చెస్ పుస్తకాలు చాలాకాలం ఇలాగే రాశారు. 1981లో ఫిడే, అంటే ప్రపంచ చెస్ సమాఖ్య, ఈ పాత పద్ధతిని గుర్తించడం మానేసింది.

రెండు వారాలు పట్టింది కళ్లకి అలవాటు కావడానికి. కానీ ఆ రెండు వారాల్లోనే ఒక విషయం జరిగింది. ప్రతి ఎత్తునీ మనసులో అనువదించుకుని, చేత్తో పావు జరిపి, ఇది ఎందుకు వేశాడా అని చూడాల్సి వచ్చింది. 1,400 ఆటల్లో ఒక్కసారి కూడా నేను ఆ పని చేయలేదు.

ఇంతకీ ఈ చెస్ పుస్తకాలు ఎవరి కోసం రాశారు? చిన్నప్పుడే మొదలుపెట్టే మేధావుల కోసమేమో అనుకునేవాడిని. హిస్టరీ చూస్తే అలా లేదు.

1749లో లండన్‌లో ఒక ఫ్రెంచ్ కుర్రాడు చెస్ మీద పుస్తకం వేశాడు. పేరు ఫిలిడోర్, అప్పటికి 22 ఏళ్లు. అసలు వృత్తి సంగీతం, తర్వాత పారిస్‌లో ఒపేరాలు కూడా కూర్చాడు. ఆ పుస్తకానికి ముందుగా డబ్బు కట్టిన చందాదారుల్లో బ్రిటిష్ సైన్యంలోని ఆఫీసర్లు ఉన్నారు. అంటే ఉద్యోగంలో ఉన్న పెద్దవాళ్లు, యుద్ధాలు చూసిన మనుషులు. వాళ్లకి ఫిలిడోర్ ఏం చెప్పాడు? బంటుల్ని తేలిగ్గా తీసుకోవద్దన్నాడు. అంతకుముందు రాసినవాళ్ల దృష్టంతా పెద్ద పావులతో చేసే మెరుపు దాడుల మీదే ఉండేది. ఫిలిడోర్ ప్రతి ఎత్తు వెనకా కారణం చెప్పి, బంటుల అమరికని బట్టే దాడి నిలుస్తుందో కూలుతుందో తేలుతుందని చూపించాడు. ఏ ఎత్తు వెయ్యాలన్నది కాకుండా, ఎందుకు వెయ్యాలన్నది నేర్పే పుస్తకాలు అక్కడి నుంచి ఊపందుకున్నాయి.

అక్కడి నుంచి మన దేశానికి రండి. 1814లో బొంబాయిలో ఒక ఇంగ్లిష్ పుస్తకం అచ్చయింది. సంస్కృతం నుంచి చేసిన అనువాదం. రాసినాయన తిరువేంగడాచార్య శాస్త్రి. ఆ పేరులోనే తిరుమల కొండ ఉంది చూడండి, వైష్ణవ సంప్రదాయంలో ఆ కొండని తిరువేంగడం అంటారు. ఆట పుట్టింది మన దగ్గరే అయినా, యూరప్‌కి వెళ్లేసరికి రూల్స్ మారాయి. బంటు మొదటి ఎత్తులో రెండు గడులు దూకడం, ఇప్పుడు మనం చేసే క్యాస్లింగ్, ఇవన్నీ అక్కడ స్థిరపడినవే. శాస్త్రి గారు తన సమస్యల్ని యూరప్ పద్ధతికి తగ్గట్టు అమర్చి ఇచ్చారు. అభ్యాసం చేసేవాళ్లకి ఉపయోగపడే స్థితులు, వాటి పరిష్కారాలు. 1817లో విలియం లూయిస్ అనే ఇంగ్లిష్ ఆటగాడు ఇవే సమస్యల్ని 'ఓరియంటల్ చెస్' పేరుతో లండన్‌లో వేశాడు. తాతల నాటి రూల్స్ తెలిసిన మనిషి కొత్త రూల్స్‌లో ఆలోచించి పుస్తకం రాయడమంటే మాటలు కాదు. నేను పి-కె4 కే రెండు వారాలు ఏడ్చాను.

ఇక నా చేతిలో ఉన్న పుస్తకం రాసిన మనిషి దగ్గరికి వద్దాం. ఇమాన్యుయేల్ లాస్కర్. జర్మన్ యూదు కుటుంబంలో 1868లో పుట్టాడు. గణితంలో డాక్టరేట్. మ్యాథ్స్ చదివినవాళ్లకి లాస్కర్-నోథర్ థీరమ్ అంటే తెలుస్తుంది, అందులో లాస్కర్ ఈయనే. 1894లో స్టైనిట్జ్‌ని ఓడించి ప్రపంచ చాంపియన్ అయ్యాడు. 1921 దాకా, అంటే 27 ఏళ్లు, ఆ టైటిల్ ఆయన దగ్గరే ఉంది. ఇప్పటికీ అంతకాలం ఎవరూ నిలబెట్టుకోలేదు.

టైటిల్ గెలిచిన మరుసటి ఏడాది, 1895లో, ఆయన లండన్‌లో చెస్ ఆడేవాళ్ల ముందు వరసగా ఉపన్యాసాలు ఇచ్చాడు. అవే తర్వాత 'కామన్ సెన్స్ ఇన్ చెస్' అనే పుస్తకం అయ్యాయి. మాట్లాడింది ముందు, అచ్చులో వచ్చింది తర్వాత. మీరు ఇప్పుడు చదువుతున్నది కూడా అలాంటిదే కాబట్టి నాకు కొంచెం గర్వంగా ఉంది, పోలిక అక్కడితో ఆపేద్దాం.

నా దగ్గరున్న మాన్యువల్ ముందు 1925లో జర్మన్‌లో వచ్చింది, తర్వాత ఇంగ్లిష్‌లోకి. అప్పటికి లాస్కర్‌కి 56 ఏళ్లు. ఇందులో నన్ను ఆపేసిన విషయాలు రెండు.

మొదటిది స్టైనిట్జ్ గురించి. తాను ఓడించిన మనిషి ఆలోచనల్ని లాస్కర్ ఈ పుస్తకంలో పేజీలకు పేజీలు వివరిస్తాడు. స్టైనిట్జ్ 1900లో పేదరికంలో చనిపోయాడు. ఆయన సిద్ధాంతం చాలా సింపుల్: నీకు ఆధిక్యం లేనప్పుడు దాడి చెయ్యకు. ముందు చిన్న చిన్న లాభాలు కూడబెట్టుకో. అవి సరిపడా జమ అయ్యాక దాడి చెయ్యక తప్పదు, అప్పుడు కూడా చెయ్యకపోతే ఉన్న ఆధిక్యం జారిపోతుంది. ఇది చదివి పుస్తకం మూసి ఐదు నిమిషాలు కూర్చున్నాను. ఆ తొమ్మిదేళ్ల బాబు నన్ను అడిగింది ఇదే కదా! మీ పావులు ఇంట్లోనే ఉన్నాయి, అప్పుడే ఎందుకొచ్చారు?

రెండోది పుస్తకం చివర్లో ఉంది. చెస్ నేర్పడం మీద లాస్కర్ ఒక లెక్క వేశాడు. ఆటలో ప్రత్యేకమైన ప్రతిభ ఏమీ లేని ఒక యువకుడిని తీసుకుని 200 గంటల్లో గట్టి ఆటగాడిని చెయ్యొచ్చంటాడు. ఎంత గట్టి అంటే, ఆ రోజుల్లో మాస్టర్లు మామూలు వాళ్లతో ఆడేటప్పుడు ముందే ఒక గుర్రాన్నో ఏనుగునో తీసి పక్కన పెట్టి ఆడేవాళ్లు. ఈ 200 గంటలు చదివినవాడితో మాత్రం మాస్టర్ అలా ఆడలేడు, సమానంగా కూర్చోవాల్సిందే. ఆ గంటల్ని ఆయన ఎలా పంచాడో చూడండి. రూల్స్, వాటి అభ్యాసాలు 5 గంటలు. ప్రాథమిక ఎండింగ్స్ 5. ఓపెనింగ్స్ 10. కాంబినేషన్లు 20. పొజిషన్ ప్లే 40. మిగిలిన 120 గంటలు ఆడటం, ఆడిన ఆటని విశ్లేషించడం.

ఇప్పుడు నా ఆరు నెలలు దీని పక్కన పెట్టండి. ఆడటం 115 గంటలు, దాదాపు లాస్కర్ చెప్పినంతే. విశ్లేషణ సున్నా. ఎండింగ్స్ సున్నా. ఓపెనింగ్స్ మాత్రం వీడియోల్లో ఎన్ని గంటలు చూశానో లెక్కే లేదు. పది ఎత్తుల దాకా బట్టీ, పదకొండో ఎత్తు నుంచి దేవుడే దిక్కు. ఎంసెట్‌కి చదివినట్టే చదివాను. అవతలివాడు సిలబస్‌లో లేని ఎత్తు వేస్తే అంతే. లాస్కర్‌కి బట్టీ మీద అస్సలు నమ్మకం లేదు. జ్ఞాపకంలో పెట్టుకున్నది కాదు, తనంతట తాను తూచి చూసుకునే పద్ధతి మిగలాలన్నది ఆయన వాదన. ఏళ్ల తరబడి వేల గంటలు ఆడుతూ కూడా చాలామంది ఎక్కడివాళ్లు అక్కడే ఉండిపోవడానికి తప్పు మనుషుల్లో కాదు, నేర్చుకునే తీరులో ఉందంటాడు.

ఈ మాటలు రాసిన మనిషికే తర్వాత పెద్ద పరీక్ష వచ్చింది. 1925లో మాస్కో టోర్నమెంట్ తర్వాత లాస్కర్ పెద్ద పోటీల నుంచి తప్పుకున్నాడు. 1933లో జర్మనీలో నాజీలు అధికారంలోకి వచ్చారు. యూదులైన లాస్కర్ దంపతులు ఇల్లూ ఆస్తీ పోగొట్టుకుని దేశం వదలాల్సి వచ్చింది. అరవై ఐదేళ్ల వయసులో డబ్బు అవసరమై మళ్లీ బోర్డు ముందు కూర్చున్నాడు. 1934లో జ్యూరిక్‌లో, తొమ్మిదేళ్ల గ్యాప్ తర్వాత, మొదటి రౌండ్‌లోనే మాక్స్ యూవేని ఓడించాడు. ఆ యూవే మరుసటి ఏడాది ప్రపంచ చాంపియన్ అయ్యాడు. 1935లో మాస్కోలో 20 మంది ఆడిన టోర్నమెంట్‌లో 66 ఏళ్ల లాస్కర్ ఒక్క ఆట కూడా ఓడకుండా మూడో స్థానంలో నిలిచాడు. పైన ఉన్న బొత్వినిక్, ఫ్లోర్ కంటే అర పాయింటే తక్కువ. తన టైటిల్ తీసుకున్న కాపాబ్లాంకాని ముఖాముఖి ఓడించి, టేబుల్లో కూడా అతని కంటే అర పాయింట్ ముందున్నాడు.

ఇక్కడ నిజాయితీగా ఒక మాట. లాస్కర్ మాజీ ప్రపంచ చాంపియన్. ఆయన తిరిగి రావడం, మనం తిరిగి రావడం ఒకటి కాదు. మన తెలుగమ్మాయి కోనేరు హంపి కథ కూడా అంతే. గుడివాడలో పుట్టి 2002లో 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. బిడ్డ కోసం సుమారు రెండేళ్లు ఆటకి దూరంగా ఉండి, తిరిగొచ్చి 2019లో ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్, 2024లో మళ్లీ చాంపియన్. వినడానికి ఒళ్లు పులకరిస్తుంది. కానీ వాళ్లు తిరిగి వచ్చింది తమ సొంత ఇంటికి. నాలాంటి వాడు తిరిగి వచ్చింది ఎప్పుడో అద్దెకున్న ఇంటికి. "లేట్‌గా మొదలుపెట్టినా గ్రాండ్‌మాస్టర్ అవ్వొచ్చు, నమ్మకం ముఖ్యం" అని నేను చెప్తే అది అబద్ధం. 28కి మళ్లీ మొదలుపెట్టిన నేను అవ్వను.

మరి ఎందుకు చదవాలి? దీనికి నా దగ్గర ఉన్న సమాధానం మా ఇంట్లోనే దొరికింది.

సంక్రాంతికి తెనాలి వెళ్లినప్పుడు బ్యాగులో ఆ పుస్తకం పెట్టుకెళ్లాను. అటక మీద బోర్డు దింపితే ఒక నల్ల బంటు లేదు, దాని బదులు చొక్కా గుండీ పెట్టాం. నాన్నకి ఇప్పుడు 61. రిటైర్ అయ్యారు. మాటల్లో అడిగాను, నేను హాస్టల్‌కి వెళ్లాక ఎవరితో ఆడేవారని. "ఎవరితో ఆడతాన్రా, నువ్వెళ్లాక బోర్డు తీయలేదు" అన్నారు. మామూలుగానే అన్నారు, పేపర్ తిప్పుతూ. ఆట మానేసింది నేనొక్కడినే అనుకున్నాను ఇన్నేళ్లూ.

ఆ రోజు ఇద్దరం కలిసి లాస్కర్ 5 గంటలు కేటాయించిన ఎండింగ్స్ దగ్గర మొదలుపెట్టాం. మీరూ ఫోన్‌లో ఈ స్థితి పెట్టుకుని చూడండి. తెల్ల రాజు ఈ5లో, తెల్ల బంటు ఈ4లో, నల్ల రాజు ఈ7లో. అంతే, బోర్డు మీద ఇంకేమీ లేవు. రాజులిద్దరూ మధ్యలో ఒక్క గడి ఖాళీ ఉంచి ఎదురెదురుగా నిలబడ్డారు. ఇప్పుడు వంతు నల్లవాడిదైతే అతని రాజు పక్కకి తప్పుకోవాలి, తెల్ల రాజు రెండో పక్క నుంచి దూరిపోతాడు, బంటు చివరి గడి చేరి మంత్రి అవుతుంది. వంతు తెల్లవాడిదైతే, నల్లవాడు తప్పు చెయ్యనంత వరకు ఆట డ్రా. పావులు అవే, గడులు అవే. తేడా వంతు ఒక్కటే.

నాన్న చాలాసేపు చూశారు. "అంటే ఎవడు ఎత్తు వెయ్యాల్సి వస్తే వాడికే నష్టమా?" అన్నారు. అవునన్నాను. "ముప్ఫై ఏళ్లు ఆడాను, ఇది నాకెవరూ చెప్పలేదురా" అన్నారు. తర్వాత రెండు వైపుల నుంచీ ఆయనే జరిపి చూసుకున్నారు, నాలుగైదు సార్లు. ఆ ముఖంలో ఉన్నది నేను టోర్నమెంట్ హాల్లో ఏ పిల్లాడి ముఖంలోనూ తక్కువ చూడలేదు, ఎక్కువా చూడలేదు. అదే వెలుగు.

ఫిలిడోర్ పుస్తకానికి చందా కట్టిన ఆ ఆఫీసర్లు కూడా చాంపియన్లు అవ్వడానికి కట్టి ఉండరు. ఇన్నేళ్లుగా చేస్తున్న పనిలో అసలేం జరుగుతోందో ఒక్కసారి అర్థమవ్వాలని కట్టి ఉంటారు. ఇది నా ఊహే. కానీ నాన్నని చూశాక గట్టిగా అనిపిస్తోంది.

హైదరాబాద్ వచ్చేశాక మేం వాట్సాప్‌లో ఆడుతున్నాం. రోజుకి ఒక ఎత్తు, ఒక్కోసారి రెండు రోజులకి ఒకటి. పోస్టుకార్డుల మీద ఎత్తులు రాసి ఊళ్ల మధ్య ఆడే పద్ధతి ఒకప్పుడు ప్రపంచమంతా ఉండేది. జీవితమంతా పోస్టాఫీసులో పనిచేసిన మనిషికి ఆ వేగం బాగా కుదిరింది. ఆట అయ్యాక ఆదివారం ఫోన్ చేసి ఇద్దరం మొదటి నుంచి చూస్తాం. ఎక్కడ పోయిందో, ఎందుకు పోయిందో. లాస్కర్ లెక్కలో మా ఇద్దరికీ ఇప్పటికి 60 గంటలు అయ్యాయి. నోట్‌బుక్ నాన్న దగ్గర ఉంది, నిమిషాలతో సహా రాస్తున్నారు.

మొన్న మళ్లీ ఒక టోర్నమెంట్ ఆడాను. 7 రౌండ్లలో 4 పాయింట్లు. ఓడిన ఆటల్లో ఒకటి పదకొండేళ్ల అమ్మాయి చేతిలో. ఈసారి ఎక్కడ ఓడానో తెలుసు. ఆ అమ్మాయి అడక్కముందే నేనే చెప్పాను, ఇరవై రెండో ఎత్తులో ఏనుగుల్ని మార్చుకుని ఉండకూడదని. "అవునంకుల్, నేను కూడా అదే అనుకున్నాను" అంది. అంకుల్ మాత్రం మారలేదు.

వీడియోలు చేసుకుని బతికేవాడిని, నేనే వీడియో ఆపి పుస్తకం తియ్యమంటే ఎలాగో ఉంటుంది. అందుకే పుస్తకం కొనమని కూడా అనట్లేదు. ఈ వారం ఫోన్‌లో ఓడిపోయిన ఒక్క ఆట తీసుకోండి. రీమ్యాచ్ నొక్కకుండా, ఇంజిన్ ఆన్ చెయ్యకుండా, ఇంట్లో బోర్డు ఉంటే దాని మీద పెట్టి మొదటి నుంచి ఆడి చూడండి. ఎక్కడ పోయిందో మీ మాటల్లో రెండు లైన్లు రాయండి. ఆ రెండు లైన్లు కామెంట్లో పెడితే నేను, వీలైతే నాన్న కూడా, చదువుతాం.

ఈ ఎపిసోడ్‌కి ఇంతే. నల్ల రాజు వంతు నడుస్తోంది, నాన్న మెసేజ్ వచ్చింది, నేను వెళ్లాలి. మళ్లీ కలుద్దాం, నమస్తే.